పేరు చెప్పని కబుర్లు

మా ఆడపడుచు మా వార్డుకు పొద్దున పదకొండింటికి వచ్చింది. రోగుల్ని చూడ్డానికి వచ్చేవాళ్లను సాయంత్రం నాలుగైతే గాని మేము లోపలికి రానివ్వం. ఆ సంగతి గేటు దగ్గర ఎర్ర రంగుతో బారెడు అక్షరాల్లో రాసి ఉంది. వాచ్‌మన్ ఆపితే "లోపల ఇన్‌ఛార్జి సిస్టర్ మా వదిన" అని చెప్పి అతని పక్కనుంచి దూసుకొచ్చేసింది. నాకు అక్కడే ఒళ్లు మండింది. ఇరవై రెండేళ్లుగా ఈ ఆడవాళ్ల సర్జరీ వార్డులో పనిచేస్తున్నాను. పదహారు మంచాలున్నాయి. నా చుట్టరికం అడ్డం పెట్టుకుని వేళకాని వేళ ఒక్కరు కూడా లోపలికి వచ్చింది లేదు.

చేతిలో పళ్ల సంచి ఉంది. పదకొండో మంచంలో ఉన్నామె కోసం తెచ్చింది. ఆమె మా ఆడపడుచు దగ్గరే పనిచేస్తుంది. మా ఆడపడుచు ఒక డే కేర్ నడుపుతుంది, ఉద్యోగాలకు వెళ్లే తల్లులు ముప్పై మంది తమ పిల్లల్ని పగలంతా అక్కడ వదిలి వెళ్తారు. వాళ్లలో మరీ చిన్నవాళ్లను ఆరేళ్లుగా చూసుకుంటున్నది పదకొండో మంచంలో ఉన్నామే. మరి పళ్లు తెచ్చిన మనిషి ఆ మంచం వైపు వెళ్లాలా? వెళ్లలేదు. నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చి కుర్చీ లాక్కుంది.

"వదినా, ఆమెకి అసలు జబ్బేంటి?" అంది గొంతు తగ్గించి.

గాల్ బ్లాడర్‌లో రాళ్లు, ఎల్లుండి ఆపరేషన్, ఆ సంగతి ఆమే నీకు చెప్పింది కదా అన్నాను. రాళ్ల సంగతి కాదట. ఇంకేదో ఉందట. నెలనెలా ఏదో ఆస్పత్రికి వెళ్తుందట, ఎందుకని అడిగితే నీళ్లు నములుతుందట, రోజూ ఒకే వేళకి మూలకి తిరిగి ఒక మాత్ర మింగుతుందట. ఆమెనే అడగమన్నాను. ఆమె చెప్పే మనిషైతే నీ దగ్గరికెందుకొస్తానంది. నేను చెప్పనన్నాను. "నేనేమన్నా పరాయిదాన్నా?" అని మొహం మాడ్చుకుంది. ఈ బల్ల ముందు నిలబడ్డ ప్రతి మనిషీ నాకు పరాయే, ఇక లే, రౌండ్సుకి డాక్టరు వచ్చే వేళైందని చెప్పాను. సంచి నా రిజిస్టరు మీద పడేసి చరచరా వెళ్లిపోయింది. మా వార్డు ఆయమ్మ ఆ పళ్లు తీసుకెళ్లి పదకొండో మంచం దగ్గర పెట్టి వచ్చింది.

ఆమెను డే కేర్‌లో పిల్లలు పిన్ని అంటారు. నేనూ ఇక్కడ పిన్ని అనే రాస్తాను. అసలు పేరుతో మీకు పనిలేదు. కొన్ని వివరాలు మార్చాను కూడా, ఏవి మార్చానో చెప్పను. చదివాక ఇది ఫలానా ఆమె అయి ఉంటుందని మీకు తోస్తే ఆ తెలివి మీ దగ్గరే ఉంచుకోండి.

పిన్ని రక్తంలో ఒక జబ్బుంది. దాని పేరూ రాయను. ముట్టుకుంటే అంటదు, ఒకే కంచంలో తింటే అంటదు, పసివాణ్ని పొద్దస్తమానం చంకనేసుకుని తిప్పినా అంటదు. మాత్రలు తప్పకుండా వేసుకుంటోంది కాబట్టి పరీక్షల్లో కూడా దొరకనంత అణిగిపోయి ఉంది. ఆస్పత్రిలో చేరిన రోజు నేను ఆమె కేస్ షీటు రాసుకుంటుంటే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మా మేడం మీ ఆడపడుచని నాకు తెలుసు సిస్టర్. వేరే ఆస్పత్రికి పోదామనుకున్నా, నొప్పి ఆగనివ్వలేదు. ఆమెకి తెలిస్తే నన్నింక ఆ గుమ్మం తొక్కనివ్వదు. ఆ పిల్లలు తప్ప నాకింకేం లేదు."

నా గొంతు కోసినా ఈ మాట బయటికి రాదని చెప్పాను. ఉత్తుత్తి ఓదార్పు కాదు, గుండె మీద చెయ్యి వేసుకునే చెప్పాను. ఆమె నమ్మిందో లేదో తెలియదు. కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతున్న మనిషి, నమ్మక ఏం చేస్తుంది?

ఆ సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి ఆడపడుచు ఫోను నాకంటే ముందే చేరిపోయింది. భోజనాల దగ్గర మా ఆయన కంచంలోకి చూస్తూ మొదలుపెట్టాడు. ముప్పై మంది పసిపిల్లలున్న చోటు, రేపు ఏదైనా అయితే మా చెల్లెలి మొహాన ఉమ్మేస్తారు, ఒక్క ముక్క చెప్తే నీ సొమ్మేం పోయింది అని. ఆయనకు కళ్లజోళ్ల షాపుంది. మీ షాపుకొచ్చినవాళ్లకు ఎవరికెంత చూపు పోయిందో ఊరంతా చెప్పుకుంటారా అని అడిగాను. చెప్పుకుంటే మాత్రమేం, కళ్లజోడు ఎలాగూ మొహం మీదే ఉంటుంది కదా అన్నాడు. ఆ మనిషితో వాదించే కంటే గోడకు తల కొట్టుకోవడం నయం.

మా అత్తగారు మాత్రం వేరే దారిన వచ్చింది. "రోజూ గంటలు గంటలు చెప్పేదానివి, ఇవాళ్టి ముచ్చటే కడుపులో దాచుకున్నావా?" అంది. నాకు కోపం నషాళానికి అంటింది. ఇన్నేళ్లలో నేను ఈ ఇంట్లో ఒక్క రోగి పేరైనా చెప్పానా అని అడిగాను. ఆలోచించుకుని, లేదని ఆవిడే ఒప్పుకుంది. నేను గెలిచినట్టు కంచం తీసుకుని లేచాను.

పప్పులో కాలేసింది అక్కడే, కానీ అప్పటికి నాకు తెలియదు. అత్తగారన్నది నిజం. నేను రోజూ చెప్తాను. మా పని చేసినవాళ్లకు తెలుస్తుంది, ఎనిమిది గంటలు ఇంకొకళ్ల నెత్తురూ ఏడుపూ చూసి వచ్చాక అదంతా ఎక్కడో ఒకచోట దింపుకోకపోతే నిద్రపట్టదు. ఇరవై రెండేళ్లుగా భోజనాల బల్ల దగ్గర దింపుకున్నాను. మొగుడికి తెలియకుండా కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నామె, మత్తులో ఉండి అత్తగారి మీద ఉన్న కసంతా కక్కేసినామె, ఇలాంటివి. పేరుండదు. మంచం నంబరుండదు. వయసు కూడా ఓ పదేళ్లు అటో ఇటో జరిపేదాన్ని. మా అత్తగారు టీవీ నోరు మూయించి మరీ వినేది. వారంలో మూడు రోజులు డే కేర్ తాళం వేసుకుని ఆడపడుచు కూడా మా ఇంటికే భోజనానికి వచ్చేది, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, మధ్యమధ్య "అదెందుకలా చేస్తారు వదినా?" అని అడిగేది. అడిగేవాళ్లుంటే చెప్పేవాళ్లకు హుషారు. పేరు చెప్పనంతవరకు ఏమీ చెప్పనట్టే అని నా లెక్క. నా ఒక్కదాని లెక్కే కాదు, మా నర్సులందరి లెక్కా అదే. క్యాంటీన్‌లో, బస్సులో, మెట్ల మీద, "మా నాలుగో నంబరు ఇవాళ ఏం చేసిందో తెలుసా" అనే మొదలుపెడతాం. నాలుగో నంబరంటే మనిషి కాదనుకుంటాం కాబోలు.

ఆ రెండు రోజులూ ఇంట్లో నాతో ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు. మా ఆయన చొక్కా బొత్తాం ఊడితే తనే కుట్టుకున్నాడు, వంకరగా. నేను పట్టించుకోలేదు. నిజం చెప్పాలంటే లోపల చాలా గర్వంగా ఉంది. ఇంతమంది మీదపడ్డా నోరు విప్పలేదని నా భుజం నేనే తట్టుకున్నాను.

ఆపరేషన్ రోజు పొద్దున మామూలుగానే లిస్టు రాసి వార్డు తలుపుకు అంటించాను. ఎవరిది ఏ ఆపరేషన్, ఎవరి తర్వాత ఎవరు అన్నది అందులో ఉంటుంది. అది లేకపోతే రోగుల బంధువులు పది నిమిషాలకోసారి వచ్చి మావాళ్లదెప్పుడు, మావాళ్లదెప్పుడు అని ప్రాణం తీస్తారు. ఆ రోజు అయిదు కేసులు. నాలుగోది కాలంతా చీముపట్టిన ముసలావిడది. అయిదోది పిన్నిది. ఆ వరస థియేటర్ నుంచి వచ్చింది, నేను చూసి రాశాను, అంతే. అందులో నాకు వింత కనిపించలేదు. ఎప్పుడూ వేసే వరసే.

పిన్నిని థియేటర్‌కు పంపేసరికి మూడయింది. నాలుగింటికి గేటు తీశారు. అందరికంటే ముందు మా ఆడపడుచు వచ్చింది. లోపలికి రాకుండా తలుపు దగ్గర నిలబడి లిస్టు చదివింది. వేలు పెట్టి ఒక్కో వరసా కిందికి చదువుకుంటూ వచ్చి, అయిదో పేరు దగ్గర ఆగి, మళ్లీ నాలుగోది చూసింది. నేను లోపలినుంచి చూస్తూనే ఉన్నాను. చదువుకో తల్లీ, ఎంత చదివినా గాల్ బ్లాడరే కనపడుతుంది అనుకున్నాను. ఆమె నన్ను పలకరించకుండానే మెట్లు దిగి వెళ్లిపోయింది. పీడా వదిలిందనుకున్నాను. ఆపరేషన్ ఏ ఇబ్బందీ లేకుండా జరిగింది.

మూడో రోజు పొద్దున నేను మందుల ట్రాలీ తోసుకుంటూ వెళ్లేసరికి పిన్ని మంచం మీద కూర్చుని ఉంది. ఒళ్లో ఫోను ఉంది. మాత్ర ఇవ్వబోతే తీసుకోలేదు.

"ఇంక రావద్దంది మేడం," అంది. "ఎందుకని అడిగా. నీకు తెలీదా, నన్ను అడుగుతావా అని ఫోను పెట్టేసింది."

నేను ఏదో అనబోయాను. ఆమె నన్ను అననివ్వలేదు.

"మీరే చెప్పారు."

గట్టిగా అరవలేదు. మామూలుగానే అంది, కానీ పక్క మంచాలవాళ్లు తలలు తిప్పి చూశారు. నేను చెప్పలేదు, నా పిల్లల మీద ఒట్టు అన్నాను. ఆమె దుప్పటి మొహం మీదికి లాక్కుని గోడవైపు తిరిగి పడుకుంది. ఇరవై రెండేళ్లలో నన్ను చాలామంది తిట్టారు. బూతులు తిట్టినవాళ్లున్నారు, సెలైన్ స్టాండు ఎత్తినవాళ్లున్నారు. ఏదీ ఇలా గుచ్చుకోలేదు. ఎందుకంటే నేను తప్పు చేయలేదు, అదీ నా ఉక్రోషం.

మరెవరు చెప్పారు? కేస్ షీటు నా సొరుగులో తాళంలో ఉంది. డాక్టర్లకు మా ఆడపడుచెవరో తెలియదు. వాచ్‌మన్‌ను నిలదీస్తే, పళ్లు తెచ్చిన రోజు ఆ మేడం మెట్ల దగ్గర ఆయమ్మతో మాట్లాడడం చూశానన్నాడు. నాకు అంతే చాలింది. డ్రెస్సింగుల చెత్త ఎత్తేది ఆయమ్మే, ఇలాంటి జబ్బున్నవాళ్ల చెత్త విడిగా కడతాం, ఏ మంచం చెత్త ఏ రంగు సంచిలో వెయ్యాలో ఆమెకు తెలుసు. వార్డు నడిమధ్య నిలబెట్టి నోటికొచ్చినట్టు తిట్టాను. పదో పరకో చేతిలో పెడితే ఒక మనిషి బతుకు అమ్ముకున్నావా అన్నాను. పదహారు మంచాలూ విన్నాయి.

ఆయమ్మ నాకంటే పదేళ్లు పెద్దది. చీపురు పక్కన పెట్టి, నడుం మీద చెయ్యి వేసుకుని అంతా విన్నది.

"ఆమె నన్నడిగింది నిజమే. నాకు తెలీదు పొమ్మన్నా. ముప్పై ఏళ్ల నుంచి ఎత్తుతున్నా మీ అందరి చెత్త. ఎవరి బుట్టలో ఏముందో మా ఇంట్లో కూడా చెప్పలేదు. మీరు చెప్పగలరా సిస్టరమ్మా ఆ మాట?"

పొగరు చూడు అనుకున్నాను. నీ సంగతి మేట్రన్ గారి దగ్గరే తేలుస్తానని బెదిరించాను. ఆ రోజు రెండింటికే పర్మిషన్ పెట్టి, ఇంటికి వెళ్లకుండా తిన్నగా డే కేర్‌కు వెళ్లాను, ఆడపడుచును కడిగిపారేసి, ఆయమ్మ పేరు ఆమె నోటితోనే చెప్పించి, ఆ తర్వాత మేట్రన్‌కు ఫిర్యాదు కాగితం పెడదామని.

అది పిల్లలు నిద్రపోయే వేళ. గది పొడుగునా చాపల మీద ముప్పై మంది వరసగా పడుకుని ఉన్నారు. కిటికీలకు తెరలు దించారు. పిన్ని కూర్చునే చోట ఎవరో కొత్తామె కూర్చుని, ఏడవడానికి సిద్ధంగా ఉన్న ఒక పిల్లను జోకొడుతోంది. ఆడపడుచు నన్ను చూడగానే పెదాల మీద వేలు పెట్టి వెనక వంటగదిలోకి తీసుకెళ్లింది. తలుపు వేస్తే చప్పుడవుతుందని ఓరగానే ఉంచింది. అందుకని మేమిద్దరం జీవితంలో పడ్డ అతి పెద్ద పోట్లాట గుసగుసల్లోనే పడ్డాం.

ఎవరు చెప్పారు నీకు అని అడిగాను. నువ్వే వదినా అంది.

నాటకాలాడొద్దన్నాను. ఆమె పాలసీసాలు కడిగి బోర్లిస్తూ, నా వైపు చూడకుండానే చెప్పడం మొదలుపెట్టింది.

"రెండేళ్ల కింద ఒక రోజు బాగా ఆలస్యంగా వచ్చావ్. అందరం నీ కోసం కాచుక్కూర్చున్నాం. ఎందుకింత ఆలస్యమని నేనే అడిగా. ఇవాళ ఆఖరి కేసు అలాంటిది, అయిపోయాక గదంతా కడిగించి మందు కొట్టించి వచ్చానన్నావ్. అలాంటిదంటే ఏంటన్నా. మూడు జబ్బులు చెప్పావ్. రక్తంలో ఆ మూడింట్లో ఏదున్నా సరే ఆఖర్న పెడతాం, చీము కేసు కంటే కూడా వెనక పెడతాం అన్నావ్. మర్చిపోయావా?"

మర్చిపోలేదు. ఆమె చెప్తుంటే ఆ రోజంతా గుర్తొచ్చింది, నేను చేతులు తిప్పుతూ చెప్పడం, మా అత్తగారు అయ్యో పాపం అనడం, అన్నీ. వంటగది గట్టు పట్టుకుని నిలబడ్డాను.

"రాళ్ల ఆపరేషన్ శుభ్రమైన కేసు అని కూడా నువ్వే చెప్పావ్ వదినా. మరి దాన్ని చీముకాలు తర్వాత ఎందుకు పెట్టారు? ఆ కాగితం చూడగానే తెలిసిపోయింది. మూడింట్లో ఏదో తెలీదు. ఏదైతే నాకేం."

అప్పుడు నేను నాకు చేతనైనంత చెప్పాను. అది అలా అంటేది కాదని, ఆరేళ్లుగా ఆమె ఎత్తుకున్న ఒక్క పిల్లకు కూడా ఏమీ కాలేదని, కావాలంటే ఏ పెద్ద డాక్టరుతోనైనా చెప్పిస్తానని. బతిమాలాను కూడా. నా నోటి దూలకు ఆ పిన్ని ఎందుకు బలవ్వాలి, కోపముంటే నన్ను తన్ను అన్నాను. ఆమె ఆఖరి సీసా బోర్లించి, చేతులు తుడుచుకుని, అప్పుడు నా మొహంలోకి చూసింది.

"అంటదు అంటున్నావ్ కదా. అంటనప్పుడు మీరెందుకు ఆఖర్న పెడతారు? అన్నీ తెలిసిన మీకే అంత భయముంటే, ఏమీ తెలియని నాకుండకూడదా?"

పుస్తకంలో ఉంది జవాబు. ఎవరి రక్తంలో ఏముందో ప్రతిసారీ తెలియకపోవచ్చు కాబట్టి ప్రతి కేసునూ ఒకేలా చూడాలి, ప్రతి కేసు తర్వాతా గది ఒకేలా శుభ్రం చెయ్యాలి. పరీక్షలో ఇదే రాసి పాసయ్యాను. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే పాతవాళ్లు ఆఖరి కేసు సంగతి నేర్పారు, ఆ తర్వాత వచ్చినవాళ్లకు నేను నేర్పాను. నేర్పి ఊరుకోకుండా ఇంటికి తీసుకొచ్చి భోజనాల బల్ల మీద పెట్టాను. మా ఆడపడుచును తిట్టడానికి వెళ్లినదాన్ని, తిట్టు ఒక్కటీ నోటికి రాక బయటికొచ్చేశాను.

మర్నాడు పొద్దున మేట్రన్ దగ్గరికి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆవిడ రెండేళ్లలో రిటైరవుతుంది, గొడవంటే గిట్టదు. పేరు చెప్పలేదు కదా, ఎవరో ఏదో ఊహించుకుంటే మన బాధ్యత కాదు, రాతలో పెట్టావంటే నీ సర్వీసు మీద మచ్చ పడుతుంది, వెళ్లి పని చూసుకో అంది. నేను రెండు పేజీలు రాసి ఆవిడ బల్ల మీద పెట్టి వచ్చాను. కోపంగా తీసుకుంది. అప్పటినుంచి తలుపుకు లిస్టు అంటించడం మానేశాం. వరస సంగతి మాత్రం పెద్ద సర్జన్ ఒప్పుకోవడం లేదు, ఎప్పటినుంచో ఉన్న పద్ధతి అంటాడు. లిస్టు నా చేతికొచ్చిన ప్రతిసారీ ఆయనతో పోట్లాడుతున్నాను. మీకు పిచ్చి పట్టింది సిస్టర్ అంటున్నాడు.

ఆయమ్మను ఎక్కడ తిట్టానో అక్కడే, పదహారు మంచాల మధ్యే నిలబెట్టి, తప్పు నాది, నువ్వేం చేయలేదు అని చెప్పాను. "నాకు తెలుసు," అని చీపురు తీసుకుంది. ఇంట్లో మా అత్తగారు టీవీ గొంతు తగ్గించి, ఇవాళ ఏమైంది అని అడిగింది. ఏమీ కాలేదన్నాను. మా ఆయనకు అది నా అలక అనిపించింది. అనుకోనీ.

పిన్నికి చెప్పడం మాత్రం నాన్చాను. ఒకరోజు జ్వరం వచ్చింది కదా అనుకున్నాను, ఇంకో రోజు నీరసంగా ఉంది కదా అనుకున్నాను. అవి సాకులే. నాకు భయం. ఆమె నన్ను చూస్తేనే మొహం తిప్పేసుకునేది. ఏడో రోజు కుట్లు విప్పే ట్రే పట్టుకుని వెళ్తే, ఇంకో సిస్టర్‌ను పంపమంది. పంపాను. కుట్లు విప్పడం అయ్యాక, ఆమె బట్టలు సర్దుకుంటుంటే వెళ్లి స్టూలు మీద కూర్చున్నాను. కూర్చోమని ఆమె అనలేదు.

అంతా చెప్పాను. భోజనాల బల్ల, ఆలస్యమైన రోజు, మూడు జబ్బులు, తలుపు మీద లిస్టు, చీముకాలు. మధ్యలో నా నోటినుంచి "నీ పేరు మాత్రం ఎక్కడా చెప్పలేదు" అనే మాట కూడా వచ్చింది. వచ్చాక సిగ్గుతో చచ్చిపోయాను. పిన్ని ఒక్కో బట్టా మడతపెడుతూ విన్నది. ఏడవలేదు. ఏడిస్తే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

"రెండేళ్ల కింద మీరు ఇంట్లో చెప్పిన ఆ ఆఖరి కేసు," అంది, "ఆమె ఎవరు?"

నాకు ఆమె పేరు గుర్తుంది. మొహం గుర్తుంది. ఎక్కడుంటుందో కూడా తెలుసు. చెప్పకూడదు అన్నాను.

"ఇప్పుడా," అంది పిన్ని.

నాకు తెలిసిన ఇంకో రెండు డే కేర్‌లు ఉన్నాయి, నేను వెళ్లి మాట్లాడతానన్నాను. మా ఆడపడుచు కాళ్లు పట్టుకుంటానన్నాను. పెద్ద డాక్టరు చేత ఉత్తరం రాయిస్తానన్నాను. ఆమె సంచి జిప్పు లాగి, "నా గురించి మీరింక ఎవరితోనూ ఏమీ మాట్లాడొద్దు, మంచి కూడా," అంది. డిశ్చార్జి కాగితం నా చేతిలోంచి తీసుకుని మడిచి రవికలో పెట్టుకుంది.

తలుపు దాకా వెళ్లినదల్లా ఆగింది. వెనక్కి తిరిగింది. మొదటిసారి ఆమె గొంతులో కోపం లేదు. కంగారుంది.

"నా చోట్లో ఎవరినన్నా పెట్టుకున్నారా అక్కడ?"

పెట్టుకున్నారని చెప్పాను.

"ఆమెకి ఒక సంగతి తెలియాలి. అక్కడ ఒక పిల్లాడున్నాడు. వాడికొకటుంది. వాళ్లమ్మకీ నాకూ తప్ప తెలీదు, మేడంకి కూడా తెలీదు. నిద్రలేపేటప్పుడు వాణ్ని ముందుగా పక్కకి తీసుకుపోవాలి, లేకపోతే మిగతా పిల్లలందరి ముందు వాడు..."

ఆగిపోయింది. చెప్పమన్నాను. ఈ సాయంత్రమే వెళ్లి ఆ కొత్తామె చెవిలో వేస్తాను, ఏ పిల్లాడో చెప్పు అన్నాను. ఆత్రంగానే అన్నాను, ఆమె కోసం ఏదో ఒకటి, ఎంత చిన్నదైనా సరే, చేసి పెట్టాలని ఉంది నాకు.

పిన్ని నన్ను చూసి తల అడ్డంగా ఊపింది. "వద్దు," అంది. "మీకు చెప్పను. వాళ్లమ్మకే ఫోన్ చేస్తా."

పొట్ట మీద ఒక చెయ్యి ఆనించుకుని, సంచి రెండో చేత్తో పట్టుకుని మెల్లగా మెట్లు దిగింది. ఆ సంచి మోయడానికి కూడా నన్ను ముట్టుకోనివ్వలేదు. ఆ పిల్లాడెవడో, వాడికేముందో నాకు ఇప్పటికీ తెలియదు.